మా బిడ్డ అడిగిన ప్రశ్న: "వాళ్లకు జీతం ఎవరిస్తరు?"

పోయిన శుక్రవారం ఎపిసోడ్‌లో కాలేజీ సీట్ల గురించి 40 నిమిషాలు మాట్లాడినా, చెప్పాల్సింది సగం మిగిలిపోయింది. విన్న అన్నలు, అక్కలు వాయిస్ మెసేజులు పెట్టారు. "ఆ కంప్యూటర్ లెక్క సంగతి మళ్లొకసారి చెప్పన్నా" అని ఒకరు. "ముందు నీ 20 వేల కథ పూర్తి చెయ్" అని ఇంకొకరు. నిజానికి రెండూ ఒకటే కథ. మైకు ముందు తొందరలో కలపలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నా.

నాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. షార్జాలో ఒక గోదాములో స్టోర్‌కీపర్‌ని, వచ్చి 14 ఏళ్లు. మా పెద్ద బిడ్డ 2024లో ఇంటర్ అయిపోయి ఎంట్రెన్స్ రాసింది. తెలంగాణలో ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారిన ఏడాది అది. ర్యాంకు 31 వేల చిల్లర వచ్చింది. మంచిదా చెడ్డదా నాకు తెలియదు. ఊళ్లో అడిగితే "గల్ఫ్‌ల ఉన్నవు, పైసలు వెట్టి కొను" అన్నారు. ఇక్కడ రూములో అడిగితే "ఆన్‌లైన్‌లో సైటు ఉంటది, మార్కులు కొడితే కాలేజీ అదే చెప్తది, స్కాలర్‌షిప్ కూడా అదే చూపిస్తది, ఫ్రీ" అన్నారు.

ఫ్రీ అంటే మనకు ఎంత ఇష్టమో మీకు తెలుసు. నైట్ డ్యూటీ అయ్యాక బెడ్ మీద కూర్చుని ఫారం నింపాను. బిడ్డ పేరు, మార్కులు, ర్యాంకు, ఇంటి ఫోన్ నంబరు, తండ్రి ఏ దేశంలో ఉన్నాడు, ఏడాదికి ఎంత పెట్టగలరు. అన్నీ నిజమే రాశాను. కింద ఒక చిన్న డబ్బాలో ముందే టిక్కు పెట్టి ఉంది, అది చదవలేదు. బటన్ నొక్కగానే పచ్చరంగు గుండ్రం తిరిగి తిరిగి "94 శాతం మ్యాచ్" అని చూపించింది. వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు కాలేజీ. దాని కింద "స్కాలర్‌షిప్‌కు మీరు అర్హులు".

అబద్ధం ఎందుకు, ఆ గుండ్రం చూసి నా కళ్లు చెమర్చాయి. మా బిడ్డకు ఎవరో తగిన చోటు వెతికి పెట్టారనిపించింది.

రెండు రోజుల్లో ఇంటికి 11 ఫోన్లు వచ్చాయి. మా ఇంటామె భయపడింది. అందరూ తెలుగులోనే, "సార్ యూఏఈలో ఉన్నారు కదా మేడమ్, మీకు ఎన్‌ఆర్‌ఐ కోటా" అని మొదలుపెట్టేవారు. ఒకతను నాతో వాట్సాప్‌లో చాలా మర్యాదగా మాట్లాడాడు. సీటు బ్లాక్ చెయ్యాలంటే 20 వేలు కట్టాలన్నాడు, స్కాలర్‌షిప్ లెటర్ తర్వాత వస్తుందన్నాడు. కట్టాను. లెటర్ వచ్చింది. అందులో ఉన్న స్కాలర్‌షిప్ ఏంటంటే, వాళ్లే పెంచి చెప్పిన ఫీజులో వాళ్లే తగ్గించిన పది శాతం. వద్దన్నాను. కట్టిన డబ్బు వెనక్కి రాదన్నారు. తర్వాత ఆ నంబరు కలవలేదు.

ఆ వారం వీడియో కాల్‌లో మా బిడ్డ ఏడవలేదు, నన్ను తిట్టలేదు. ఒక్క మాట అడిగింది. "నాన్నా, ఆ సైటు మన దగ్గర ఒక్క రూపాయి తీసుకోలే గదా. మరి గిన్ని ఫోన్లు చేసేటోళ్లకు జీతం ఎవరిస్తరు?"

జవాబు నాకు వెంటనే తట్టలేదు. 14 ఏళ్ల కింద వీసా కోసం ఏజెంటు చుట్టూ తిరిగినప్పుడు అడగాల్సిన ప్రశ్న అది. అప్పుడూ అడగలేదు. ఆ రోజు నుంచి దొరికింది దొరికినట్టు చదువుతున్నా. పిల్లలకు కాలేజీని జతచేసే పని ఎప్పుడు మొదలైంది, ఎవరు చేశారు, ఎవరి డబ్బుతో చేశారు అని.

మొదట్లో ఆ పని మనిషే చేసేవాడు. పెద్దవాళ్ల దృష్టిలో పడితే చదువు, లేకపోతే లేదు. మన హైదరాబాద్ నుంచే చూడండి. సరోజినీ నాయుడు 1895లో, పదహారేళ్ల వయసులో, నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్ పోయారు. ఆమె తెలివైన పిల్ల, సందేహం లేదు. కానీ తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ నిజాం కాలేజీ ప్రిన్సిపాల్. దర్బారుకు తెలిసిన ఇల్లు. అదే ఏడాది అదే నగరంలో అంత తెలివైన కూలివాడి బిడ్డ ఉండి ఉంటే, ఆమె పేరు నిజాం చెవిన ఎవరు వేస్తారు?

అంబేడ్కర్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. బరోడా మహారాజు శాయాజీరావ్ గైక్వాడ్ 1913లో ఆయనకు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ల స్కాలర్‌షిప్ ఇచ్చి న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి పంపాడు. బదులుగా చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచెయ్యాలని ఒప్పందం. బాండ్ అంటే ఏంటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1917లో ఆయన ఆ మాట ప్రకారమే ఉద్యోగానికి పోతే, కులం పేరు చెప్పి ఉండటానికి ఇల్లు కూడా దొరకనియ్యలేదు. కొద్ది రోజుల్లోనే బరోడా విడిచి రావాల్సి వచ్చింది.

తర్వాత ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్న రోజుల్లోనే, 1944లో, ఎస్సీ విద్యార్థులకు ప్రభుత్వ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. నాకు ఇందులో పెద్ద విషయం ఏమనిపించిందంటే, ఆ రోజు నుంచి పిల్లవాడు మహారాజును కలవాల్సిన పని లేదు. దరఖాస్తు పెట్టాలి, అర్హత ఉంటే రావాలి. ఇప్పుడు మన పిల్లలు ఈపాస్‌లో నింపే దరఖాస్తుకు మూలం అక్కడుంది. దయ అనేది కాగితం మీద నిబంధన అయింది. నిబంధన అయ్యాక దాంతో వచ్చే తలనొప్పులు వేరే, వాటి సంగతి ఈ రాత చివర్లో చెప్తా.

ఇక సీట్ల సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ 1986లో మొదలైంది. మా పెదనాన్న కొడుకు ఎంసెట్ రాసి కౌన్సెలింగ్‌కు హైదరాబాద్ పోతుంటే, సర్టిఫికెట్ల సంచి పట్టుకోవడానికి నన్ను తోలారు. మాసబ్ ట్యాంక్ దగ్గర జనం జాతరలా ఉన్నారు. చెట్ల కింద చద్ది డబ్బాలు, ప్రతి తండ్రి చేతిలో ఒక ఫైలు. లోపల ర్యాంకు వరసలో పిలుస్తారు. మీ నంబరు వచ్చేసరికి ఏ కాలేజీలో ఏ బ్రాంచిలో ఎన్ని సీట్లు మిగిలాయో కనిపిస్తుంది. చూస్తుండగానే సీట్లు కరిగిపోతుంటాయి. మా అన్న అనుకున్న కాలేజీ ఆయన వంతుకు ముందే నిండిపోయింది. లోపల ఉన్న రెండు మూడు నిమిషాల్లో, ఎన్నడూ పేరు వినని కాలేజీని వేలు పెట్టి చూపించి వచ్చాడు. బస్సులో వస్తూ కరీంనగర్ దాకా మాట్లాడలేదు.

ఆ పద్ధతిలో కష్టం ఉంది గానీ మోసం లేదు. మీ ముందు ఎవరున్నారో, వాళ్లు ఏం తీసుకున్నారో కళ్ల ముందే ఉండేది. తర్వాత వెబ్ కౌన్సెలింగ్ వచ్చి ఇదే పని ఇంటి నుంచే జరుగుతోంది. పిల్లలు ముందే తమకు నచ్చిన వరసలో ఆప్షన్లు పెడతారు, కంప్యూటర్ ర్యాంకు వరసలో పోతూ ఒక్కొక్కరి జాబితా చూసి, దొరికే వాటిలో పైన ఉన్నది ఇస్తుంది. మాసబ్ ట్యాంక్ క్యూ మొత్తం ఆ కంప్యూటర్‌లోకి పోయిందనుకోండి.

కంప్యూటర్ జతచెయ్యడం అనే ఆలోచన మాత్రం మన దగ్గర పుట్టలేదు. అది అమెరికాలో, కాలేజీల కన్నా ముందు ఆసుపత్రుల్లో పుట్టింది. 1940లలో అక్కడ ఆసుపత్రులకు కొత్త డాక్టర్లు సరిపోయేవారు కాదు. ఒకరికన్నా ఒకరు ముందు పడి, చదువు పూర్తికాని పిల్లలకే ఉద్యోగం ఇస్తామని టెలిగ్రాములు పంపేవారు. గంటల్లో జవాబు చెప్పాలి, లేదంటే పోయినట్టే. పిల్లలు భయంతో మొదట వచ్చినదానికే సరే అనేవారు. "ఇవాళే కట్టాలి సార్, రేపటికి సీటు ఉండదు" అని నాతో అన్న మర్యాదస్తుడి మాట, 80 ఏళ్ల కిందటి ఆ టెలిగ్రామే. ఈ తొక్కిసలాట ఆపడానికి 1952లో అందరి ఇష్టాల జాబితాలూ ఒకచోట చేర్చి జతచేసే ఏర్పాటు పెట్టారు. డాక్టర్లు తమ వరస రాస్తారు, ఆసుపత్రులు తమ వరస రాస్తాయి.

పదేళ్ల తర్వాత, 1962లో, డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు గణిత పండితులు ఒక చిన్న వ్యాసం రాశారు. కాలేజీ సీట్ల గురించి, పెళ్లి సంబంధాల గురించి. రెండూ ఒకటే లెక్క అన్నారు. మనవాళ్లకు ఇది వింతేమీ కాదు, సంబంధం కుదర్చడం ఎంత లెక్కతో కూడిన పనో ప్రతి పెళ్లిళ్ల పేరయ్యకూ తెలుసు.

వాళ్లు చెప్పిన పద్ధతి ఇది. నిదానంగా చదవండి, మీ పిల్లల సీటుకు పనికొస్తుంది. ప్రతి పిల్లవాడూ తన జాబితాలో మొదటి కాలేజీ తలుపు తడతాడు. కాలేజీ తన దగ్గరున్న సీట్ల మేరకు మంచి ర్యాంకుల వాళ్లను కూర్చోబెట్టుకుంటుంది, కానీ సీటు ఖాయం చెయ్యదు, "ప్రస్తుతానికి కూర్చో" అంటుంది. మిగతావాళ్లను పంపేస్తుంది. పంపేసినవాళ్లు తమ జాబితాలో రెండో కాలేజీకి పోతారు. ఆ కాలేజీ అప్పటికే కూర్చున్నవాళ్లతో వీళ్లను కలిపి మళ్లీ చూస్తుంది. కొత్తగా వచ్చినవాడి ర్యాంకు మెరుగైతే పాతవాడు లేవాలి. వీడు ఆలస్యంగా వచ్చాడు, మమ్మల్ని రెండోదిగా రాశాడు అన్న చిన్నచూపు ఉండదు. ఇలా తిరిగి తిరిగి, ఇక ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు అన్నప్పుడు అందరి సీట్లూ ఒకేసారి ఖాయం.

అంటే ఏమైంది? పెద్ద కాలేజీని మొదట రాస్తే చిన్న కాలేజీ పోతుందన్న భయం అక్కర్లేదు. మా రూములో ఒక అన్న, కొడుకు నిజంగా కోరుకున్న కాలేజీని నాలుగో వరసలో పెట్టించాడు, "అత్యాశకు పోతే ఉన్నది ఊడుతుంది" అని. పైన పెట్టిన కాలేజీలో సీటు వచ్చింది. ఆ నాలుగోదానిలో చివరి సీటు వీడి కన్నా వెనక ర్యాంకుకు దక్కింది. ఆ సంగతి ఆయనకు నేను చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది, క్షమించన్నా.

ఇంకొక సంగతి గేల్, షాప్లీ లెక్కలోనే ఉంది, నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆపింది అదే. తలుపు తట్టేది ఎవరో వాళ్లకే లాభం. పిల్లలు కాలేజీల తలుపు తడితే, ఆ పద్ధతిలో పిల్లలకు దొరకగలిగిన వాటిలో మంచిది దొరుకుతుంది. కాలేజీలే పిల్లల తలుపు తడితే, మంచిది కాలేజీలకు దొరుకుతుంది. ఇది కాగితం మీద మాట కాదు. 1984లో ఆల్విన్ రోత్ అనే ఆర్థికవేత్త ఆ డాక్టర్ల ఏర్పాటును విప్పి చూస్తే, 1952 నుంచి నడుస్తున్నది దాదాపు ఇదే పద్ధతి, కాకపోతే తలుపు తడుతున్నది ఆసుపత్రుల వైపు నుంచి. డాక్టర్ పిల్లలు గొడవ చేశారు. చివరికి 1998 నుంచి పిల్లలే తలుపు తట్టేలా మార్చారు. 2012లో రోత్‌కూ షాప్లీకీ నోబెల్ వచ్చింది. గేల్ అప్పటికే, 2008లో, పోయారు.

మన దేశంలో 2015 నుంచి ఐఐటీలు, ఎన్‌ఐటీల సీట్లు కలిపి ఇచ్చే జోసా ఈ దారిలోనే నడుస్తోంది. అంతకు ముందు ఐఐటీలది ఒక లెక్క, ఎన్‌ఐటీలది ఒక లెక్క. ఒకే పిల్లవాడు రెండు చోట్లా సీటు పట్టుకుని ఒకటి వదిలేస్తే, అది ఖాళీగా పడి ఉండేది.

ఇదంతా చదివాక మా బిడ్డ ప్రశ్నకు సగం జవాబు దొరికింది. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో గానీ జోసాలో గానీ జతచేసేవాడికి ఎవరిని ఎవరికి కలిపినా కమిషన్ లేదు. మరి నేను నింపిన సైటు?

దానికి వంశం వేరే. అదీ అమెరికాలోనే మొదలైంది. శాట్ పరీక్ష నడిపే కాలేజ్ బోర్డ్ 1972లో స్టూడెంట్ సెర్చ్ సర్వీస్ అని ఒకటి పెట్టింది. పరీక్ష రాసేటప్పుడు పిల్లలు తమ వివరాలు నింపుతారు, ఒప్పుకున్నవాళ్ల పేర్లు, చిరునామాలు కాలేజీలు ఒక్కో పేరుకు ఇంత అని కట్టి తీసుకుంటాయి. ఇందులో మేలు లేదనను. మారుమూల ఊళ్లో ఉన్న పిల్లకు ఎప్పుడూ పేరు వినని మంచి కాలేజీ నుంచి ఉత్తరం రావడం చిన్న సంగతి కాదు. కానీ తలుపు తడుతున్నది ఎవరు? కాలేజీ. డబ్బు కడుతున్నది ఎవరు? కాలేజీయే. 2024 ఫిబ్రవరిలో, విద్యార్థుల వివరాలు పంచుకుని సొమ్ము చేసుకున్న విషయంలో న్యూయార్క్ అటార్నీ జనరల్‌తో అదే కాలేజ్ బోర్డ్ ఏడున్నర లక్షల డాలర్లకు రాజీ పడింది.

స్కాలర్‌షిప్‌ల వెతుకులాట కూడా అలాగే. ఇంటర్నెట్టుకు ముందు అమెరికాలో కొన్ని కంపెనీలు ఫీజు తీసుకుని "కంప్యూటర్ వెతికిన" స్కాలర్‌షిప్‌ల జాబితా పోస్టులో పంపేవి. ఎవరూ అడగక మిగిలిపోయిన కోట్ల డాలర్లు ఉన్నాయని ఊరించేవి. మోసాలు ఎంత పెరిగాయంటే, 1996లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వీళ్ల మీద ప్రత్యేకంగా దాడి మొదలుపెట్టింది, 2000లో స్కాలర్‌షిప్ మోసాలకు శిక్ష పెంచుతూ చట్టమే వచ్చింది. ఈలోపు, 1995లో, ఫాస్ట్‌వెబ్ వచ్చింది. వివరాలు నింపితే సరిపోయే స్కాలర్‌షిప్‌లు ఉచితంగా చూపించేది. డబ్బు తీసుకునేవాళ్ల వ్యాపారం దాంతో దెబ్బతింది, అది మంచిదే. కానీ ఉచితం అయ్యాక ఖర్చు ఇంకో వైపు నుంచి రావాలి కదా. ప్రకటనలు ఇచ్చేవాళ్లు, కాలేజీలు, లోన్లు ఇచ్చేవాళ్లు. ఆ తర్వాత వచ్చిన వందల సైట్లకు ఇదే బతుకుదెరువు. మనం నింపే ఫారమే అక్కడ సరుకు.

రెండు వంశాలనూ కలిపే మంచి ప్రయత్నాలూ లేకపోలేదు. అమెరికాలో ఉన్న మన శ్రోతలు క్వెస్ట్‌బ్రిడ్జ్ పేరు విని ఉంటారు. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలు కాలేజీల వరస రాస్తే, కుదిరిన కాలేజీ నాలుగేళ్ల ఖర్చు మొత్తం ఇస్తుంది. అక్కడ హైస్కూల్ చదివే పిల్లలుంటే చూడండి.

ఇప్పుడు మన తెలుగు పిల్లల దగ్గరికి వద్దాం. ఈ కథలో ఏజెంటు పాత్ర మనకే బాగా తెలుసు, మన పిల్లలకే గట్టిగా తగిలింది కూడా.

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అమెరికా అధికారులు దాడి చేశారు. 1,500 మందికి పైగా విద్యార్థులు, ఎక్కువమంది మన ఆంధ్రప్రదేశ్ వాళ్లే, అప్పుడు రాష్ట్రం ఒక్కటే. అది చదువు చెప్పే చోటు కాదు, వీసా కాగితాలు అమ్మే దుకాణం అని తేలింది. కొందరు పిల్లల కాళ్లకు రేడియో కడియాలు తగిలించారు. ఆ ఫోటోలు ఇక్కడ క్యాంపులో టీవీలో చూసి పెద్ద మనుషులు అన్నం మానేశారు. నడిపిన ఆమెకు 2014లో 16 ఏళ్ల జైలు శిక్ష పడింది.

2019 జనవరిలో ఇంకో రకం. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అనేది అసలు యూనివర్సిటీయే కాదు, అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లే వల వెయ్యడానికి పెట్టిన ఉత్త పేరు. క్లాసులు లేవు, పంతుళ్లు లేరు. కానీ వెబ్‌సైటు ఉంది, ప్రభుత్వ జాబితాలో పేరు కూడా ఉంది. మొదటి విడతలోనే 130 మందిని పట్టుకున్నారు, ఒక్కరు తప్ప అందరూ భారతీయులే, అందులో మనవాళ్లు చాలామంది. పిల్లల్ని చేర్పించి కమిషన్ తీసుకున్న 8 మంది మీద కేసులు పెట్టారు. పిల్లలకు తెలిసే చేరారని అక్కడి ప్రభుత్వం అంది, పిల్లల తరఫువాళ్లు ప్రభుత్వమే మోసగించిందన్నారు. నా మటుకు నాకు రెండు వైపులా కొంత నిజం కనిపిస్తుంది. కానీ తలకు ఇంత అని లెక్కపెట్టుకున్న ఆ 8 మంది దగ్గర నా మనసు ఆగిపోయింది. మన దగ్గర దుబాయ్ వీసా ఏజెంటు చేసేది అదే. కంపెనీ దగ్గర తలకు ఇంత, మన దగ్గర తలకు ఇంత. అతను చెప్పే "మంచి కంపెనీ" ఎవరికి మంచిదో దేశం దిగాక తెలుస్తుంది.

జాబితాలో పేరు ఉందా లేదా అని చూడటం అవసరమే. చాలదు, అంతే. అక్కడ చదివి బయటికి వచ్చిన మనిషి ఒక్కడైనా మీకు దొరకాలి.

ఇక ఆ సైటు నాకు చూపించని వాటి సంగతి. "తండ్రి యూఏఈ" అని రాశాను కదా. ఆ ఒక్క ముక్కతో నాకు చెప్పాల్సినవి రెండు ఉన్నాయి. ఒకటి, ఏఐసీటీఈ అనుమతి ఉన్న కాలేజీలు ప్రవాసుల కోసం 15 శాతం దాకా అదనపు సీట్లు పెట్టుకోవచ్చు, అందులో మూడో వంతు గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు. ఎన్‌ఐటీల వంటి సంస్థల్లో డాసా అనే పద్ధతి కింద కూడా గల్ఫ్ కార్మికుల పిల్లలకు వేరే వాటా ఉంది, మిగతా ప్రవాసుల కన్నా ఫీజు బాగా తక్కువ. పిల్లలు ఎక్కడ చదివారు అన్న షరతులు ఉంటాయి, ఆ ఏడాది నోటిఫికేషన్ చదివి చూసుకోవాలి. రెండోది, కేంద్ర ప్రభుత్వం ప్రవాసుల పిల్లలకు 2006-07లో మొదలుపెట్టిన స్కాలర్‌షిప్. మొదట ఏడాదికి 100 మందికి ఇచ్చేవారు, తర్వాత 150 చేశారు, ఆ పెంచిన 50 మన పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర పడే దేశాల కార్మికుల పిల్లలకు పెట్టారు.

ఫోన్ చేసిన 11 మందిలో ఒక్కరూ వీటి పేరు ఎత్తలేదు. వాళ్లకు తెలియక కాదనుకుంటా. వీటి మీద ఎవరికీ ఏమీ రాదు.

ఈపాస్ తలనొప్పి చెప్తానన్నాను. తెలంగాణలో బీసీ పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, ఇంజనీరింగ్‌లో 10 వేల లోపు ర్యాంకైతే మొత్తం ఫీజు, దాటితే 35 వేల దాకా. కానీ ఇంటి ఆదాయం ఊళ్లలో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. ఇక్కడ నెలకు వెయ్యి దిర్హాములు తెచ్చుకునే క్లీనర్ అన్నకు ఏడాదికి మన డబ్బులో రెండున్నర లక్షలు దాటుతుంది. అందులో వీసాకు చేసిన అప్పు, వడ్డీ, తిండి, అన్నీ పోతాయి. వాటి లెక్క ఆదాయం సర్టిఫికెట్‌లో రాయడానికి గడి లేదు. 1944లో కాగితం మీదికి వచ్చిన నిబంధన చాలామందికి తలుపు తెరిచింది, మనలాంటి వాళ్లకు మాత్రం గడప దగ్గరే కొలత పెట్టింది. అక్కడ పేదవాళ్లం కాము, ఇక్కడ ఉన్నవాళ్లం కాము.

వెబ్ ఆప్షన్ల రోజులు వచ్చాయి. శుక్రవారం సెలవు. ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి వీడియో కాల్ పెట్టుకుని మా బిడ్డా నేనూ నాలుగు గంటలు కూర్చున్నాం. పోయినేడు ఏ కాలేజీలో ఏ ర్యాంకుతో సీటు ఆగిందో ప్రభుత్వ సైటులోనే ఉంటుంది, అది తీసి పెట్టుకున్నాం. ఆమె మొదటగా ఒక కాలేజీ రాసింది. అక్కడ పోయినేడు సీట్లు 14 వేల ర్యాంకు దగ్గరే అయిపోయాయి. నా నోటిదాకా వచ్చింది, "రాదు బిడ్డా, పైన ఎందుకు" అని. గేల్, షాప్లీ గుర్తొచ్చి ఊరుకున్నా. వచ్చినా పోనంత దూరపు కాలేజీలు మాత్రం తీసేయించాను. మొత్తం 62 ఆప్షన్లు పెట్టింది. సేవ్ చేసి ప్రింటు తీసుకోమంటే, ప్రింటు ఎందుకు అని స్క్రీన్‌షాట్ పంపింది.

తొమ్మిదో ఆప్షన్‌లో వచ్చింది. నిజామాబాద్ వైపు కాదు, హైదరాబాద్ శివార్లలో. బ్రాంచి ఆమె అడిగింది కాదు, దాని పక్కది. రెండో విడతలో జరుగుతుందేమో చూశాం, జరగలేదు. ఫీజు ఏడాదికి 85 వేలు, మొత్తం మనదే. ప్రవాసుల స్కాలర్‌షిప్‌కు ఆ కాలేజీ అర్హత జాబితాలో లేదని తర్వాత తెలిసింది. చిన్నవాడు వచ్చే ఏడాది ఇంటర్ రాస్తాడు. వాడి కోసం ఆ నోటిఫికేషన్ నెలను ఫోన్‌లో అలారం పెట్టాను.

నా 20 వేలు రాలేదు.

మొన్న రాత్రి కింది బెడ్ తమ్ముడు, నిర్మల్ అబ్బాయి, ఫోన్ పట్టుకుని వచ్చాడు. చెల్లెలి కోసం ఫారం నింపాడట, 98 శాతం మ్యాచ్ అని పచ్చగా తిరుగుతోంది. మొహం వెలిగిపోతోంది. ఆ సంతోషం నాకు తెలుసు. ఫోన్ తీసుకుని కిందికి జరిపాను, ముందే టిక్కు పెట్టి ఉన్న ఆ చిన్న డబ్బా దాకా. "ఇది చదివినవా?" అన్నాను. "చదవలేదన్నా" అన్నాడు. ఇద్దరం కూర్చుని, ఇంగ్లిష్‌లో ఉన్న ఆ నాలుగు లైన్లూ ఫోన్‌లోనే తెలుగులోకి మార్చుకుని చదివాం. "మా భాగస్వాములు మిమ్మల్ని ఫోన్ ద్వారా సంప్రదించడానికి అంగీకరిస్తున్నాను" అని ఉంది. టిక్కు తీసేసి నొక్కితే ఫారం ముందుకు పోలేదు.